పీటీఎస్‌డీ – మాజీ సైనికులు, కుటుంబాలు (సంయుక్త అరబ్ ఎమిరేట్స్)

యుద్ధంలోనో సైనిక విధుల్లోనో ప్రాణాపాయాన్ని ఎదుర్కొన్నవారిలో, తోటివారి చావును కళ్ళారా చూసినవారిలో కొందరికి ఆ అనుభవం గతంలోకి జారిపోదు. నెలలు, ఒక్కోసారి ఏళ్ళు గడిచినా నిద్రలోనూ మెలకువలోనూ తిరిగి వస్తూనే ఉంటుంది. ఈ స్థితిని వైద్యశాస్త్రం పీటీఎస్‌డీ అంటుంది. తెలుగు వైద్య రచనల్లో విఘాతానంతర ఒత్తిడి రుగ్మత అన్న మాట ఉన్నా, ఆసుపత్రుల్లోనూ ఇళ్ళల్లోనూ పొడి అక్షరాల పేరే వాడుక.

ఈ వ్యాసం సంయుక్త అరబ్ ఎమిరేట్స్‌లో (యూఏఈ) ఈ రుగ్మతతో జీవించే మాజీ సైనికులకూ వారి కుటుంబాలకూ ఉన్న ఆసరాను వివరిస్తుంది. అక్కడ ఇలాంటివారు రెండు వర్గాలు. మొదటి వర్గం ఎమిరాతీ సైనికులు, వారికి వెనక రాజ్యం ఉంది. రెండో వర్గం ఇతర దేశాల సైన్యాల్లో పనిచేసి పదవీ విరమణ తర్వాత కొలువు కోసం వచ్చినవారు, వీరిలో భారత మాజీ సైనికులు, తెలుగువారు ఉన్నారు. వీరికి పింఛను ఒక దేశంలో, జీతం ఇంకో దేశంలో. రెండు వర్గాల జబ్బూ ఒకటే అయినా సహాయం అందే దారులు పూర్తిగా వేరు.

లక్షణాలు, నిర్ధారణ

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన నిర్ధారణ గ్రంథం డీఎస్‌ఎం-5 లక్షణాలను నాలుగు గుంపులుగా విడదీసింది. జరిగినది పీడకలగా, హఠాత్తుగా కమ్మే జ్ఞాపకంగా తిరిగిరావడం మొదటిది. దాన్ని గుర్తుచేసే మనుషుల్నీ చోట్లనూ మాటల్నీ తప్పించుకు తిరగడం రెండోది. తనమీదా లోకంమీదా నమ్మకం పోవడం, మనసు మొద్దుబారడం, తప్పంతా తనదేననుకోవడం మూడోది. నిద్రపట్టకపోవడం, చిన్న చప్పుడుకే ఉలికిపడడం, చీటికిమాటికి కోపం, ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉండడం నాలుగోది. ఇవి నెలకు మించి కొనసాగి, ఉద్యోగాన్నో సంసారాన్నో దెబ్బతీస్తేనే పీటీఎస్‌డీగా నిర్ధారిస్తారు. మూడు రోజుల నుంచి నెలలోపు ఉండే స్థితికి తీవ్ర ఒత్తిడి రుగ్మత అని వేరే పేరుంది. లక్షణాలు పూర్తిగా బయటపడడానికి ఆరు నెలలకు పైగా పట్టే ఆలస్య రూపం కూడా ఉంది. సైన్యం విడిచాక ఇంట్లో కుదురుకుంటున్న రోజుల్లో ఇది తలెత్తితే జబ్బనుకోరు, స్వభావం మారిందనుకుంటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది. అందులో సంక్లిష్ట పీటీఎస్‌డీని విడిగా గుర్తించారు. పై లక్షణాలతోపాటు భావోద్వేగాలను అదుపులో పెట్టుకోలేకపోవడం, తాను పనికిరానివాణ్ణనే భావం, దగ్గరి సంబంధాలు నిలుపుకోలేకపోవడం ఉంటే ఆ పేరు పెడతారు. వైద్యులు తొలి పరిశీలనకు 20 ప్రశ్నల పీసీఎల్-5 పత్రాన్ని వాడతారు. అది నిర్ధారణ కాదు, నిర్ధారణకు ముఖాముఖి పరీక్ష కావాలి.

లక్షణాలను రేపే సందర్భాలు దేశాన్ని బట్టి మారతాయి. యూఏఈలో నవంబరు 30 అమరుల సంస్మరణ దినం, డిసెంబరు 2 జాతీయ దినోత్సవం. పోయినవారిని తలచుకుని రెండు రోజులైనా గడవకముందే నగరాలన్నిటా బాణసంచా మోగుతుంది. ఆ వారం కుటుంబాలు ముందే తెలుసుకుని సిద్ధపడవలసిన వారం. మన దగ్గర మాజీ సైనికుల ఇళ్ళల్లో దీపావళి రాత్రి ఎలాంటిదో అక్కడ అది అలాంటిది.

చరిత్ర: పేర్లు మారిన జబ్బు

అమెరికా అంతర్యుద్ధ సైనికుల్లో గుండెదడ, ఆయాసం చూసిన జేకబ్ డకోస్టా 1871లో దాన్ని గుండెజబ్బుగా వర్ణించాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో 1915లో చార్లెస్ మయర్స్ లాన్సెట్ పత్రికలో షెల్‌షాక్ అన్న మాటను వైద్యంలోకి తెచ్చాడు. రెండో ప్రపంచయుద్ధంలో అది పోరాట అలసట అయింది. వియత్నాం నుంచి తిరిగివచ్చిన అమెరికన్ సైనికుల ఆందోళనల తర్వాత, 1980లో డీఎస్‌ఎం-3లో పీటీఎస్‌డీ పేరు చేరింది. మొదటి మూడు పేర్లూ జబ్బును గుండెలోనో, ఫిరంగి గుండు అదురులోనో, ఒంటి అలసటలోనో వెతికాయి. నాలుగోది మాత్రమే జరిగిన సంఘటనను కారణంగా ఒప్పుకుంది.

గల్ఫ్‌లో ఈ రుగ్మత మీద దృష్టి పడింది 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించిన తర్వాతే. ఆ ఆక్రమణ మానసిక ఫలితాలకు చికిత్స చేయడానికి కువైట్ తన అమీరీ దివాన్ కింద ప్రత్యేక కార్యాలయాన్ని నెలకొల్పింది. యూఏఈలో అదే కాలంలో జనాభా స్థాయి మానసిక ఆరోగ్య పరిశోధన మొదలైంది. ఎమిరాతీ సైకియాట్రిస్టు రఫియా గుబాష్, సహ పరిశోధకులు దుబాయ్ స్త్రీలపై జరిపిన సర్వే 1992లో ప్రచురితమైంది. అది సైనికుల గురించి కాకపోయినా, ఎమిరాతీ ఇళ్ళల్లో మానసిక బాధ ఎంత ఉందో ఇంటింటికీ వెళ్ళి అడగవచ్చని చూపించింది.

ఎమిరాతీ సైన్యం, యుద్ధానుభవం

1951లో బ్రిటిష్‌వారు ఏర్పరచిన ట్రూషియల్ ఒమన్ లెవీస్ దళం తర్వాత ట్రూషియల్ ఒమన్ స్కౌట్స్ అయింది. 1971లో సమాఖ్య ఏర్పడ్డాక అది యూనియన్ డిఫెన్స్ ఫోర్స్‌గా మారింది. 1976 మేలో ఎమిరేట్ల బలగాలన్నీ ఒకే సైన్యమయ్యాయి. లెబనాన్, 1991లో కువైట్ విముక్తి, సోమాలియా, కొసోవో, అఫ్గానిస్తాన్ ఈ సైన్యం వెళ్ళివచ్చిన చోట్లు. అవి చిన్న దళాలు, ఎక్కువగా శాంతి పరిరక్షణ, సహాయ విధులు.

2015లో యెమెన్ యుద్ధంతో పరిస్థితి మారింది. సెప్టెంబరు 4న అక్కడి మారిబ్‌లో స్థావరంపై పడిన క్షిపణి దాడిలో పదుల సంఖ్యలో ఎమిరాతీ సైనికులు చనిపోయారు. గాయపడినవారిలో కొందరు తర్వాత మరణించడంతో సంఖ్య 52కు చేరింది. దేశ చరిత్రలో ఒక్కరోజులో అంత నష్టం అంతకుముందు లేదు. మూడు రోజులు సంతాపం పాటించారు. పౌరుల సంఖ్య పది లక్షలు దాటీ దాటని దేశం అది. చుట్టరికాలు దగ్గరగా అల్లుకున్న సమాజంలో చాలా తెగలకు ఆ వార్త వీధి వార్త కాదు, ఇంటి వార్త. 2019 జులైలో బలగాలను తగ్గించడం మొదలైంది. 2020 ఫిబ్రవరిలో తిరిగివచ్చినవారికి అబూధాబిలోని జాయెద్ మిలిటరీ సిటీలో ఘనంగా స్వాగతం పలికారు.

యుద్ధానుభవం వృత్తి సైనికులకే పరిమితం కాదు. 2014 నాటి సమాఖ్య చట్టం 6 ప్రకారం 18 నుంచి 30 ఏళ్ళ ఎమిరాతీ పురుషులకు జాతీయ సైనిక సేవ తప్పనిసరి, స్త్రీలకు ఐచ్ఛికం. సేవ ముగిశాక రిజర్వులో ఉంటారు. కాబట్టి సైనిక జీవితం ఎరిగినవారు బ్యాంకుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో, కళాశాలల్లోనూ ఉంటారు. 2022 జనవరి 17న అబూధాబి ముసఫ్ఫాలోని చమురు డిపోపై యెమెన్‌కు చెందిన హూతీ తిరుగుబాటుదారుల దాడిలో ముగ్గురు కార్మికులు చనిపోయారు. వారిలో ఇద్దరు భారతీయులు, ఒకరు పాకిస్తానీ. విఘాతం యూనిఫాం లేనివారినీ వదలదని ఆ దేశంలో అందరికీ తెలిసిన ఉదాహరణ ఇది.

గౌరవ వ్యవస్థ: అమరుల కుటుంబాలు

యూఏఈలో సైనికులకూ కుటుంబాలకూ సహాయ నిర్మాణం అమరుల చుట్టూ పెరిగింది. మారిబ్ దాడి జరిగిన నెలలోనే అబూధాబి యువరాజు కార్యాలయం కింద అమరుల కుటుంబాల వ్యవహారాల కార్యాలయం ఏర్పడింది. ఇప్పుడు ఆ బాధ్యత అధ్యక్ష దివాన్ పరిధిలో ఉంది. ఇళ్ళు, పిల్లల చదువు, వైద్యం, కాగితాల పని అన్నిటికీ ఒకే గడప ఉండాలన్నది దాని పద్ధతి. భర్త పోయిన స్త్రీ పది కార్యాలయాల చుట్టూ తిరిగి ప్రతిచోటా అదే కథ మళ్ళీ చెప్పే అవసరాన్ని ఇది తప్పిస్తుంది. మానసిక వైద్య దృష్టితో చూస్తే చిన్న మేలేమీ కాదు.

నవంబరు 30ని సంస్మరణ దినంగా 2015లో ప్రకటించారు. 1971లో అదే తేదీన గ్రేటర్ టంబ్ దీవిలో ఇరాన్ బలగాలతో పోరాడుతూ చనిపోయిన పోలీసు సాలెం సుహైల్ బిన్ ఖమీస్‌ను దేశం తన తొలి అమరుడిగా లెక్కిస్తుంది. షేక్ జాయెద్ గ్రాండ్ మసీదుకు ఎదురుగా 2016లో ప్రారంభమైన వాహత్ అల్ కరామా స్మారకంలో 31 పెద్ద పలకలు ఒకదాని మీద ఒకటి ఒరిగి నిలబడి ఉంటాయి. విడిగా ఏదీ నిలబడదు. ఆ ఒరుగుదలే దాని అర్థం.

అయితే గౌరవానికి ఒక పక్క ప్రభావం ఉంటుంది. అమరుడి స్థానం సమాజంలో స్పష్టం. కాలో చెయ్యో పోగొట్టుకున్నవాడి స్థానమూ దాదాపు స్పష్టమే. వికలాంగులను యూఏఈ 2017 నుంచి అధికారికంగా సంకల్పధనులు అనే అర్థమిచ్చే అరబ్బీ పేరుతో పిలుస్తోంది. ఒంటిమీద గీత పడకుండా తిరిగివచ్చి రాత్రిళ్ళు నిద్రపోలేనివాడికి మాత్రం ఏ వరుసలో నిలబడాలో తెలియదు. తోటివారు ప్రాణాలిచ్చిన చోటనుంచి తాను బతికి వచ్చి, ఇంకా బాధపడుతున్నానని చెప్పుకోవడం అతనికి సిగ్గుగా తోస్తుంది. చికిత్స ఆలస్యం కావడానికి ప్రపంచమంతటా సైనికుల్లో కనబడే కారణం ఇది. వీరత్వాన్ని గట్టిగా కీర్తించే చోట దాని బరువు ఇంకొంచెం ఎక్కువ.

వైద్య వ్యవస్థ, చట్టం

సైనికులకూ వారి కుటుంబాలకూ అబూధాబిలో జాయెద్ మిలిటరీ ఆసుపత్రి ఉంది. పౌర వ్యవస్థలో అబూధాబిలోని షేక్ ఖలీఫా మెడికల్ సిటీ మానసిక విభాగం, దుబాయ్‌లోని అల్ అమల్ ఆసుపత్రి, రషీద్ ఆసుపత్రి మానసిక విభాగం ముఖ్యమైనవి. మద్యం, మత్తుమందులతో బాధను అణచుకునే స్థితికి చేరినవారికి 2002లో అబూధాబిలో ఏర్పడిన నేషనల్ రిహాబిలిటేషన్ సెంటర్ ఉంది. అబూధాబి పౌరులకు థిఖా బీమా కార్డు ఉంటుంది.

మానసిక రోగుల గురించి 1981 నాటి సమాఖ్య చట్టం 28 ప్రధానంగా ఆసుపత్రిలో నిర్బంధించడాన్ని నియంత్రించేది. దాని స్థానంలో 2023లో సమాఖ్య చట్టం 10 వచ్చి మరుసటి ఏడాది అమలైంది. రోగి హక్కులు, సమాచార గోప్యత, ఇష్టపూర్వక ప్రవేశానికీ నిర్బంధ ప్రవేశానికీ వేర్వేరు నియమాలు ఇందులో ఉన్నాయి. వైద్య సంఘం నివేదిక లేకుండా మానసిక స్థితిని చూపి రోగిని ఉద్యోగంనుంచి తొలగించకూడదన్న నియమం మాజీ సైనికులకు నేరుగా సంబంధించినది. వైద్యుడి దగ్గరికి వెళ్తే కొలువు పోతుందన్న భయమే చాలామందిని ఆపే గడప మరి.

చికిత్సా పద్ధతులు

పీటీఎస్‌డీకి మాట చికిత్సలే మొదటి వరుస. ఎడ్నా ఫోవా రూపొందించిన దీర్ఘ ఎదుర్కోలు చికిత్సలో రోగి భయపడే జ్ఞాపకాన్ని సురక్షితమైన గదిలో మళ్ళీ మళ్ళీ చెబుతాడు, తప్పించుకుంటున్న చోట్లకు కొద్దికొద్దిగా వెళ్తాడు. సాధారణంగా 8 నుంచి 15 సెషన్లు పడుతుంది. పట్రీషియా రెసిక్ పద్ధతిలో 12 సెషన్లు. "నేను ఒక్క నిమిషం ముందు కదిలి ఉంటే వాడు బతికేవాడు" వంటి ఆలోచనలను రాసి, విప్పి, పరీక్షిస్తారు. ఫ్రాన్సిన్ షపీరో 1980ల చివర ప్రతిపాదించిన ఈఎండీఆర్‌లో జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని చికిత్సకుడి చేతివేలి కదలికలను కళ్ళతో అనుసరిస్తారు.

మందుల్లో సెర్ట్రలిన్, పరాక్సెటిన్, వెన్లఫాక్సిన్‌కు ఆధారాలున్నాయి. పీడకలలకు వాడే ప్రజోసిన్ 2018లో ప్రచురితమైన పెద్ద పరీక్షలో ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగని తేలలేదు. కొందరు వైద్యులు ఇంకా వాడుతున్నారు. నిద్రకోసం ఇచ్చే ఆల్‌ప్రజోలం, క్లోనజిపాం తరగతి మందులను పీటీఎస్‌డీకి వాడవద్దని మార్గదర్శకాలు చెబుతాయి. అవి అలవాటవుతాయి, మాట చికిత్స ఫలితాన్నీ తగ్గిస్తాయి. మన వైపు మెడికల్ షాపుల్లో తెలిసినవాళ్ళ మాటమీద ఇవే ఎక్కువగా చేతికొస్తాయన్నది వేరే చెప్పనక్కరలేదు.

రంజాన్ నెలలో మందు వేళలు మార్చాలి. రోజుకొకసారి వేసుకునేవాటిని ఇఫ్తార్‌కో సహరీకో జరుపుతారు. ఆ నెలంతా నిద్ర వేళలు తారుమారు కావడం లక్షణాలను పెంచవచ్చు. చాలా కుటుంబాలు ఖురాన్ పఠనంతో చేసే రుఖియాను ముందు ఆశ్రయిస్తాయి. జిన్ను పట్టిందనో కన్ను తగిలిందనో అనుకోవడం అక్కడ ఎంత సహజమో, గాలి సోకిందనీ దిష్టి తగిలిందనీ అనుకోవడం మన పల్లెల్లో అంత సహజం. అనుభవజ్ఞులైన వైద్యులు దాన్ని కాదనరు. పఠనం సాగనిస్తూ మందులు ఆపకుండా చూస్తారు.

కుటుంబం

రోగితో ఒకే కప్పు కింద ఉండేవారు తెలియకుండానే జబ్బుకు అనుగుణంగా మారిపోతారు. పిల్లల్ని గట్టిగా నవ్వనివ్వరు. పెళ్ళిళ్ళకు అతను రాడని ముందే సాకు చెబుతారు. వెనకనుంచి పిలవరు, నిద్రలో తాకరు. ఇది ప్రేమతో చేసేదే. కానీ తప్పించుకు తిరగడమన్న లక్షణాన్ని ఇల్లంతా మోయడం మొదలవుతుంది, జబ్బు ముదురుతుంది. అందుకే చికిత్సలో కుటుంబానికి ముందుగా చెప్పేది సేవ చేయమని కాదు, ఏ సర్దుబాటు ఆపాలో, ఎంత నెమ్మదిగా ఆపాలో.

భార్యకు నిద్రలేమి, కుంగుబాటు, భర్త భయాలే తనకూ రావడం తరచుగా కనిపిస్తాయి. దీన్ని పరోక్ష విఘాతం అంటారు. పిల్లల్లో చిన్నవారు తండ్రి కోపానికి తామే కారణమనుకుంటారు. పెద్దవారు ఇంటి పెద్దరికం ముందుగానే నెత్తికెత్తుకుంటారు. భార్యాభర్తలు కలిసి కూర్చునే దంపతుల చికిత్సా పద్ధతి ఉంది. అందులో పీటీఎస్‌డీ లక్షణాలూ సంసారంలోని తగవులూ ఒకేసారి చర్చకు వస్తాయి.

ఎమిరాతీ ఇంటికి రెండు ప్రత్యేకతలున్నాయి. ఉమ్మడి కుటుంబం పెద్దది కాబట్టి పంచుకునే భుజాలు ఎక్కువ, తప్పించుకోవలసిన కళ్ళూ ఎక్కువే. మజ్లిస్ అనే కూటమి గదిలో మగవారు రోజూ కూడుతారు. అక్కడికి రావడం మానేసినవాడి సంగతి నాలుగు రోజుల్లో అందరికీ తెలుస్తుంది. తోటి సైనికుల కూటమికి పాశ్చాత్య దేశాల్లో విడిగా కేంద్రాలు కట్టవలసి వచ్చింది, అమెరికాలో 1979 నుంచి వెట్ సెంటర్లున్నాయి. మజ్లిస్ ఆ పనికి సిద్ధంగా ఉన్న గది. ఇక ఇంట్లో పనికి కుదిరిన ఆసియా స్త్రీలు, డ్రైవర్లు రాత్రి కేకల్ని అందరికంటే ముందు వినేవారు. కుటుంబానికి ఇచ్చే సలహాల్లో వారి ఊసు ఉండదు.

తెలుగు మాజీ సైనికులు

పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికి మిలిటరీ మాధవరం అన్న పేరు ఊరికే రాలేదు. మొదటి ప్రపంచయుద్ధానికి ఆ ఊరు 90 మందిని, రెండో దానికి వెయ్యిమందికి పైగా పంపిందని చెబుతారు. తెలుగు సిపాయికి యుద్ధం కొత్తది కాదు, దాని మానసిక ఫలితానికి పేరు పెట్టడమే కొత్త. "మిలిటరీ ఆయనకు కోపం ఎక్కువ" అన్న ఊరి మాటలో చాలా రోగనిర్ధారణలు కలిసిపోయాయి.

భారత సైన్యంలో ఆరోగ్యాన్ని షేప్ అన్న అయిదు అక్షరాల పద్ధతిలో కొలుస్తారు. అందులో మొదటి ఎస్ మానసిక స్థితికి. అది తగ్గితే లో మెడికల్ కేటగిరీ, దాంతో ఆయుధం, పోస్టింగు, పదోన్నతి అన్నిటిమీదా ప్రభావం. కాబట్టి సర్వీసులో ఉండగా చాలామంది నోరు విప్పరు. విడుదల వేళ కాగితం మీద ఆరోగ్యవంతులుగానే బయటికి వస్తారు. తర్వాత వైకల్య పింఛను అడగాలంటే ఆ కాగితమే అడ్డం.

నలభై ఏళ్ళలోపే సిపాయిగా, హవల్దారుగా పింఛను పుచ్చుకున్నవారికి గల్ఫ్‌లో సెక్యూరిటీ కొలువు సులువైన దారి. దుబాయ్‌లో సిరా అనే సెక్యూరిటీ నియంత్రణ సంస్థ, అబూధాబిలో ప్రైవేటు సెక్యూరిటీ వ్యవహారాల విభాగం గార్డులకు శిక్షణ, కార్డు తప్పనిసరి చేశాయి. సైనిక అనుభవం అక్కడ అర్హత. పీటీఎస్‌డీ ఉన్నవాడికి గేటు డ్యూటీ రెండు రకాలుగా పనిచేస్తుంది. క్రమశిక్షణ, యూనిఫాం, చేయడానికి తెలిసిన పని అతన్ని నిలబెడతాయి. రాత్రి షిఫ్టు, ఒంటరి కాపలా, ప్రతి కదలికనూ అనుమానించే అలవాటు లక్షణాలను పోషిస్తాయి. డ్యూటీలో మెచ్చుకునే అప్రమత్తతే గదిలో నిద్రలేమి.

స్వదేశంలో అతని వైద్య హక్కు 2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ పథకం. దానికి గల్ఫ్‌లో పాలీక్లినిక్‌లు లేవు. అక్కడ ఉన్నన్నాళ్ళూ యజమాని ఇచ్చే బీమాయే ఆధారం. అబూధాబి, దుబాయ్‌లలో అది ఎప్పటినుంచో తప్పనిసరి, ఉత్తర ఎమిరేట్లలో ప్రైవేటు ఉద్యోగులకు 2025 జనవరి 1 నుంచి. మానసిక వైద్యం పాలసీలో ఉందో లేదో కొలువులో చేరేముందే చూసుకోవాలి. మందులు వెంట తీసుకెళ్ళేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. ఇక్కడ మామూలుగా రాసే ఆల్‌ప్రజోలం, క్లోనజిపాం, ట్రమడాల్ అక్కడ నియంత్రిత మందులు. ఆరోగ్య మంత్రిత్వ శాఖ ముందస్తు అనుమతి, ప్రిస్క్రిప్షన్ లేకుండా సంచీలో దొరికితే కేసవుతుంది.

కష్టంలో పడిన కార్మికులకు దుబాయ్ కాన్సులేట్ పరిధిలో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది. 2009లో ఏర్పడిన భారతీయ సామాజిక సంక్షేమ నిధి నుంచి అత్యవసర వైద్యానికీ, ఇంటికి చేర్చడానికీ సాయం అందవచ్చు. ఊళ్ళో ఉన్న కుటుంబానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం, ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్ ఉన్నాయి. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీమానస్ నంబరు 14416కు తెలుగులో మాట్లాడవచ్చు. 2023 డిసెంబరులో పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో సైనికులకూ కుటుంబాలకూ దాని ప్రత్యేక విభాగం తెరిచారు. ఫోన్ చేయవలసింది రోగే కానక్కరలేదు. భర్త దుబాయ్‌లో ఉండగా జగిత్యాలలోనో తాడేపల్లిగూడెంలోనో ఉన్న భార్య తన బాధ చెప్పుకోవడానికైనా చేయవచ్చు.

చికిత్స నిడివి దగ్గర చిక్కు వస్తుంది. వారానికొకటి చొప్పున 12 సెషన్లంటే మూడు నెలలు, గార్డుకు దొరికే సెలవు సాధారణంగా నెలో రెండు నెలలో. వీడియో ద్వారా చేసే మాట చికిత్స ముఖాముఖి చికిత్సకు తీసిపోదని పరీక్షల్లో తేలింది కనుక, సెలవులో మొదలుపెట్టి మిగతాది దూరంనుంచి కొనసాగించడం ఆచరణీయమైన దారి. యూఏఈలో వాట్సాప్ వీడియో కాల్స్ పనిచేయవు. అనుమతి ఉన్న బోటిమ్, జూమ్ వంటివాటినే వాడాలి. వైద్యుడితో వేళ కుదుర్చుకునేటప్పుడు రెండు దేశాల మధ్య ఉన్న గంటన్నర కాలభేదంతోపాటు, గదిలో మిగతావారు డ్యూటీకి వెళ్ళే షిఫ్టు వేళ కూడా చెప్పాలి.